తెరలో పై సగం నాది

మా ఇంట్లో వేడికి ఒకటే మందు, కూలర్. పెళ్లిపందిట్లో పెళ్లికొడుకు చెమటలు కక్కినా, దవాఖానలో బాలింతకు ఊపిరాడకపోయినా, పొరుగింటి మేక ఎండదెబ్బకు సోలిపోయినా, మా బాపు ఒక కూలర్ మోసుకెళ్లి ఎదురుగా పెట్టేవాడు. ఆయన పని అదే. నల్లగొండలో మా ఇంటి ముందరి జాగాలో రేకు కోసి, అంచులు మడిచి, కూలర్లు చేసేవాడు. ఎండాకాలం పోయాక బియ్యం డబ్బాలు, హాస్టల్ పిల్లల పెట్టెలు చేసేవాడు. పాత కూలర్లకు గడ్డి మార్చడం కూడా ఉండేది. మా బోరు నీళ్ల సంగతి తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క వేసవి తిరిగేసరికి కూలర్ గడ్డి మీద తెల్లటి ఉప్పు పేరుకుని అట్టలాగా బిగుసుకుపోతుంది. ఆ అట్ట పీకి కొత్త గడ్డి కట్టడానికి ఊరంతా బాపును పిలిచేది. ఆ ఉప్పే మనకు అన్నం పెడుతోందని అమ్మ అంటుండేది.

ఆ రేకుల చప్పుడు మధ్యనే నాకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. రాష్ట్రం వచ్చిన కొత్తలో గడియారం చౌరస్తా దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడింది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటరుకు వెళ్లేవాళ్లు లేకుండా పోయారు. దాన్ని నడిపినాయన బాపుకు దోస్తు. పాడైన కంప్యూటర్ క్యాబినెట్లు కొన్ని ఆటోలో వేసి పంపించి, రేకు పనికొస్తుందేమో చూసుకోమన్నాడు. బాపు కత్తెర తీసుకుని మొదటిదాని దగ్గర కూర్చునే సమయానికి నేను కాలేజీ నుంచి వచ్చాను. కంప్యూటర్లు ఒక సబ్జెక్టుగా డిగ్రీ చదువుతున్న రోజులవి. ఆ క్యాబినెట్ మీద అడ్డంగా పడి కోయనివ్వలేదు.

“ఖరాబైందే బిడ్డా అది. ఏం జేసుకుంటవు?” అన్నాడు బాపు.

“నేను మంచిగ చేస్తా” అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు.

చేశాను మరి. ఒక్కసారిగా కాదు, పండగకో ముక్క చొప్పున. బతుకమ్మకు కొత్త బట్టలు వద్దని ర్యామ్ కొనిపించుకున్నాను. ఉగాదికి ఇంకేదో వద్దని గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకున్నాను. అన్నీ వాడినవే. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే గల్లీల్లో వెతికి తెచ్చుకున్నవే. మా చుట్టాల ఆడపిల్లలు గాజులు చూపించుకుంటుంటే నేను కార్డు మీది ఫ్యాను తిప్పి చూపించేదాన్ని. “దీనికి జర తిక్క ఉన్నది” అని మా మేనత్త అమ్మతో అనడం నా చెవిన పడింది. ఆ మాటకు నాకేమీ కోపం రాలేదు. పిచ్చికి ఏ పేరైతేనేం, పిచ్చి పిచ్చే.

ఈ పిచ్చిలో నాకు తోడు మా తమ్ముడు. అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మూతి మీద నూనూగు మీసం, మాట్లాడితే గొంతు రెండుగా చీలేది. ఇద్దరం కలిసి ఆడేది ఒకటే ఆట, కార్ల పందెం. ఒకే కీబోర్డు మీద ఎడమ వైపు మీటలు నావి, కుడి వైపు బాణాలు వాడివి. తెర అడ్డంగా రెండు సగాలుగా చీలుతుంది. పై సగంలో నా కారు, కింది సగంలో వాడి కారు. పెద్దదాన్ని కాబట్టి పై సగం నాది. ఆ పంపకం మీద వాడు ఏనాడూ పేచీ పెట్టలేదు. పేచీ అంతా మోచేతుల దగ్గరే. కీబోర్డు చిన్నది, మేమేమో ఒకరి పక్కలో ఒకరం దూరి కూర్చునేవాళ్లం. మలుపు వచ్చిందంటే వాడి మోచేయి నా పక్కటెముకల్లో ఉండేది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒక్కరు ఆడితే ఆ ఆట గంగాప్రవాహంలా సాగిపోయేది. ఇద్దరం ఆడితే మాత్రం తడబడేది. తెర రెండు సగాలైనప్పుడు కంప్యూటర్ రెండు రోడ్లు, రెండు చూపులు ఒకేసారి గీయాలి. మా పాత సామానుకు అంత శక్తి లేదు. కార్లు ఆగి ఆగి కదిలేవి, మలుపు దాటాక మలుపు కనిపించేది. గెలిచినవాడికి గెలిచిన సంతోషం లేదు, ఓడినవాడికి నమ్మకం లేదు. కొత్త ప్రాసెసర్ కొనే స్తోమత మాకు లేదు. ఉన్నదాన్నే ఎక్కువ పరుగెత్తించడం ఒక్కటే దారి. తయారుచేసినవాళ్లు ఇంత వేగంతో నడవాలని పెట్టిన హద్దును మనం చేత్తో పెంచుకోవచ్చు. మాకు దొరికిన చిన్న ప్రాసెసర్‌కు అదృష్టవశాత్తూ ఆ హద్దుకు వేసే తాళం తీసే ఉంది. వేగంతో పాటు వేడి కూడా పెరుగుతుంది, అంతే. దీన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని నేను తమ్ముడికి ఘనంగా చెప్పాను.

వాడు ఆలోచించి, “అంటే ఉరికించుడు” అన్నాడు. మా ఇంట్లో దాని పేరు అదే అయిపోయింది.

ఉరికించడానికి ముహూర్తం పెట్టుకున్నామో లేదో నాకు పెళ్లి ముహూర్తం పెట్టారు. మాఘంలో పెళ్లయింది, మహబూబ్‌నగర్ వెళ్లిపోయాను.

మా ఆయన మంచి మనిషి. చిన్న ఉద్యోగం, నెమ్మదైన మాట. పెళ్లైన కొత్తలో ఒకరోజు, నాకు నల్లగొండలో ఒక కంప్యూటర్ ఉందని, దాన్ని నేనే బిగించుకున్నానని చెప్పాను. “మంచిదే. టైపింగ్ వస్తదన్నట్టు” అన్నాడు. నా వెంట చీరలొచ్చాయి, గిన్నెలొచ్చాయి, బాపు చేతుల మీదుగా కొత్త రేకు పెట్టె వచ్చింది. కంప్యూటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఇంట్లో మగపిల్లవాడిదని అందరూ వాళ్లంతట వాళ్లే అనేసుకున్నారు. నేనూ నోరు విప్పలేదు. కొత్త కోడలు కారులో కంప్యూటర్ వేసుకుని దిగితే అత్తమ్మ ఏమనుకుంటుందో అన్న భయం.

పుట్టింటి మీద గాలి మళ్లడం అంటే అమ్మ మీద బెంగనో, చెల్లెళ్ల మీద బెంగనో అనుకుంటారు. నాకు అమ్మ మీద బెంగ ఉండేది, లేదనను. కానీ అన్నం వండుతుంటే ఎడమ చేతి వేళ్లు వాటంతట అవే గట్టు మీద మీటలు నొక్కేవి. పక్కటెముకల్లో తగలని మోచేయి మీద బెంగ. ఇలాంటి బెంగను ఎవరికి చెప్పుకోను?

పగటిపూట అన్నాలయ్యాక అత్తమ్మ నడుం వాల్చేది. అప్పుడు వంటింటి గడప మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసేదాన్ని. మొదలుపెట్టలేకపోయిన పనిని ఆ ఫోన్‌లోనే మొదలుపెట్టాం. వాడు కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఒక మీట నొక్కి వేగం అంకెలుండే లోపలి నీలం తెరలోకి వెళ్లేవాడు. అక్కడ రాసి ఉన్నదంతా బడిలో పాఠం చదివినట్టు అక్షరం అక్షరం చదివేవాడు. ఏ అంకె మార్చాలో, ఎంతకు మార్చాలో నేను కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఒక మెట్టు పెంచడం, ఆట పెట్టి చూడటం. నిలిస్తే ఇంకో మెట్టు. తెర నల్లబడి మొరాయిస్తే బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టమనేదాన్ని. అప్పుడది పెంచినదంతా మర్చిపోయి మొదటికొచ్చేది.

“అక్కా, సెల్ తీసిన. గిప్పుడేం జెయ్యాలె?”

“ఏం జెయ్యకు. దాన్ని జర ఊపిరి తీసుకోనియ్యి.”

ఎంత వేడెక్కిందో వాడు చదివి చెప్పేవాడు. కానీ నాకు వినాలనిపించేది. “ఫోను క్యాబినెట్ దగ్గర పెట్టురా” అనేదాన్ని. పెట్టేవాడు. ఫ్యాను గొంతు వినిపించేది. తేలిగ్గా తిరిగేటప్పుడు ఒక రకం, బరువు మీద పడ్డప్పుడు ఒక రకం, ఇక నా వల్ల కాదని ఈల వేసేటప్పుడు ఇంకో రకం. ఆ చప్పుడు వెనకాల బాపు రేకు మీద సుత్తి దెబ్బలు, అమ్మ ఎవరినో కేకేయడం. నేను ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు అత్తమ్మ మంచినీళ్ల కోసం లేచి వచ్చింది. నేను మాట్లాడకుండా ఫోన్ పెట్టుకుని కూర్చోవడం చూసింది.

“ఏం వింటున్నవే పిల్లా? మాట్లాడుతలేవు గదా?”

“ఫ్యాను సప్పుడు అత్తమ్మా” అన్నాను, వేరే ఏమీ తోచక.

ఆవిడ తలెత్తి మా పైకప్పు వైపు చూసింది. “మనింట్ల ఫ్యాన్లు లేవా?” అంది.

నవ్వాలి కదా. ఏడుపొచ్చింది. పాపం, ఆవిడ కంగారుపడి నా పక్కన కూర్చుని తల నిమిరింది. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నానని ఆమెకు అర్థమైంది. అంతకంటే ఎక్కువ అర్థం కావడానికి ఏముంది గనక. “ఆషాఢం దగ్గర్లనే ఉన్నది తియ్. మీ అమ్మగారింటికి పోయి నెలంత ఉండొస్తవు” అంది.

ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. కొత్త కోడలు పుట్టింటికి పోవాల్సిందే. మొగుణ్ణి విడిచి నెల్లాళ్లు ఎలా ఉండాలా అని కొత్త పెళ్లికూతుళ్లు దిగులుపడతారట. నేను మాత్రం క్యాలెండర్ ముందుకు తిప్పి ఆషాఢం ఎప్పుడొస్తుందో చూసుకుని, మా ఆయన కంటపడితే బాధపడతాడని మళ్లీ వెనక్కి తిప్పి పెట్టేదాన్ని. ఆ నెలలో ఒక్క పందెం తడబడకుండా ఆడాలి. పై సగంలో నేను, కింది సగంలో వాడు. అంతకుమించి నేనేదీ అడగలేదు.

ఎండలు ముదిరాయి. ఒక పగలు తమ్ముడు ఫోన్ ఎత్తుతూనే అరిచాడు.

“అక్కా! ఉరుకుతాంది! రెండు సగాలు ఉరుకుతున్నయి!”

“ఇద్దరు ఎవర్రా ఆడింది?” నా గొంతులో అసూయ నాకే వినిపించింది.

“ఎవ్వరు లేరక్కా. ఎడమ చేత్తోటి నీది, కుడి చేత్తోటి నాది. నేనొక్కన్నే.”

నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ వేగం ఎక్కువసేపు నిలవడం లేదని కూడా చెప్పాడు. నల్లగొండ ఎండకు క్యాబినెట్ కొలిమిలా కాలుతోంది. రెండు పందేలకే కంప్యూటర్ దానంతట అది ఆగిపోతోంది. ఒక మెట్టు దించుదాం అన్నాను. వాడు ఒప్పుకోలేదు. “నువ్వు వచ్చెటాల్లకు నేనూ బాపూ ఒక ఉపాయం జేస్తున్నం. నువ్వేం ఫికర్ జెయ్యకు” అన్నాడు. ఏం ఉపాయమని ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు. వచ్చాక చూద్దువులే అన్నాడు.

ఆషాఢం వచ్చింది. కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సు. కిటికీ పక్కన కూర్చుని బత్తాయి తోటలు చూస్తూ, ఒళ్లో వేళ్లు ఆడించుకుంటూ పోయాను. బస్టాండులో తమ్ముడు నిలబడి ఉన్నాడు. నా సంచీ అందుకున్నాడు గానీ నా మొహంలోకి చూడలేదు.

“ఎట్ల ఉరుకుతాంది రా?”

“ఇంటికి పోదాం పా అక్కా” అన్నాడు.

నడిమింట్లో అడుగుపెట్టగానే ఉపాయం కనిపించింది. మా ఇంటి పెద్ద కూలర్ మనుషుల వైపు వీపు పెట్టి, కంప్యూటర్ బల్ల వైపు నోరు పెట్టి నిలబడి ఉంది. కూలర్ మూతి నుంచి క్యాబినెట్ పక్క దాకా బాపు రేకుతో ఒక గొట్టం చేశాడు. అటు వెడల్పు, ఇటు సన్నం. అంచులు అంత ముచ్చటగా మడిచాడు, పెళ్లి ఆర్డరుకు కూడా అంత ఓపిగ్గా మడిచేవాడు కాదు. అంత గాలీ, ఆ చల్లదనమంతా నేరుగా లోపలికి. క్యాబినెట్ ముందు లైటు మాత్రం వెలగడం లేదు.

“ఎప్పటిసంది?”

“కొన్ని దినాలైతాంది” అన్నాడు తమ్ముడు నేల చూస్తూ. “ఫోన్ల చెప్తే నువ్వు వస్తవో రావో అని...”

పక్క రేకు విప్పాను. లోపల బోర్డంతా తెల్లగా ఉంది. నీళ్లు కాగబెట్టే కాగు అడుగున పేరుకునే గార ఉంటుంది చూడండి, అదే. ర్యామ్ చుట్టూ, ప్రాసెసర్ చుట్టూ, సన్న సన్న కాళ్ల సందుల్లో. కూలర్ గాలితో పాటు కంటికి కనిపించని తుంపర వస్తుంది. ఆ తుంపరలో మా బోరు నీళ్లు, ఆ నీళ్లలో మా ఉప్పు. నీళ్లు ఆరిపోయాయి, ఉప్పు ఉండిపోయింది. ఊరందరి కూలర్లలోంచి ఆ ఉప్పు పీకి బతికిన ఇల్లు మాది. ఆ ఇంట్లో ఒక్కరికంటే ఒక్కరికి అది తట్టలేదు.

నేను ఒంటికాలి మీద లేచాను. బస్సు దిగిన చీరతోనే తమ్ముణ్ణి పట్టుకుని దులిపేశాను. నీకు బుద్ధి ఉందా, కళ్లున్నాయా, ఇన్నాళ్లు నేను గడప మీద కూర్చుని నీకు చెప్పింది ఇందుకేనా. నోటికి ఎంతొస్తే అంతా అంటుంటే వెనక నుంచి బాపు మాట వినిపించింది.

“వాన్ని అనకు బిడ్డా. నేనే పెట్టిన. నువ్వు వచ్చేదాక సల్లగుండాలె అనుకున్న.”

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.

“ఎండాకాలమంత మాకు గాలి లేదే. అంత దానికే. మీ బాపు నెత్తి మీద తడిగుడ్డ ఏసుకొని పన్నడు. కూలర్లు జేసేటోని ఇంట్ల కూలర్ లేదని వచ్చినోల్లంత నవ్విన్రు.”

నేను ఆ గొట్టం పక్కనే నేల మీద కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత రెండూ కలిసి వచ్చాయి. నేను పోయాక ఈ ఇంట్లో నా జాగా పోయిందని నాలుగు నెలలుగా లోలోపల కుములుతున్నాను. వీళ్లేమో నా జాగాకు గాలి వదిలి, వాళ్లు ఉక్కలో పడుకున్నారు.

మరునాడు అమ్మే అంది. “కాగుకు గార పడితే ఏం జేస్తం? నిమ్మకాయ రుద్దుతం. దీనికి రుద్దితే ఏమైతది?”

బోర్డు మీద నిమ్మరసం పోయడమా అని మొదట నేను మొహం చిట్లించాను. కానీ చచ్చినదానికి ఇంకా పోయేదేముంది? బోర్డును విప్పి బయటికి తీశాం. సెల్ పీకాం. దూదితో నిమ్మరసం అద్ది, కాసేపు నాననిచ్చి, కొత్త పళ్ల బ్రష్షుతో మెల్లగా రుద్దాం. గార నురగలా పొంగి కరిగింది. ఆ రసం పోవడానికి కడగాలి, కానీ మా నీళ్లతో కడిగితే మళ్లీ అదే కథ. తమ్ముడు బ్యాటరీల షాపుకెళ్లి బ్యాటరీల్లో పోసే ఉప్పు లేని నీళ్ల సీసా తెచ్చాడు. దాంతో కడిగి డాబా మీద ఆరబెట్టాం. ఆషాఢపు మబ్బులు, నమ్మడానికి లేదు. చినుకు పడిందంటే అమ్మ బట్టలను వదిలేసి ముందు బోర్డును లోపలికి తెచ్చేది.

పూర్తిగా ఆరిందనుకున్నాక బిగించి మీట నొక్కాను. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ విప్పాం. ర్యామ్ కూర్చునే సందులో గార ఇంకా మిగిలే ఉంది. మళ్లీ నిమ్మకాయ, మళ్లీ బ్రష్షు, మళ్లీ డాబా. ఇలా ఎన్నిసార్లు చేశామో గుర్తు లేదు. నెల కరిగిపోతోంది. మా ఆయన వచ్చి తీసుకెళ్లే రోజు దగ్గర పడుతోంది. ఇక రాదులే అని నేను నోటితో అంటూనే ఉన్నాను. చేతులు మాత్రం రుద్దుతూనే ఉన్నాయి. నాకు అది కావాలి. ఎంతగానో కావాలి.

చివరికి ఒక పగలు, బయట రేకుల మీద వాన పడుతుండగా, ఫ్యాను తిరిగింది, ఆగలేదు. లోపలి నుంచి కుయ్‌మని చిన్న కూత వచ్చింది. బతికానని అది చెప్పే తీరు అదే. తమ్ముడు చేతిలోని స్క్రూడ్రైవర్ వదిలేసి నన్ను వాటేసుకున్నాడు. పెద్దవాడయ్యాక వాడు అలా చేయడం అదే మొదటిసారి.

ఈసారి అంకెలు నా చేత్తో నేనే పెంచాను. ఎండాకాలంలో తమ్ముడు చేరిన చోటు దాకా అది పోలేదు, ఒక మెట్టు కిందనే ఆగింది. చాలనుకున్నాం. కూలర్‌ను గోడ వైపు తిప్పేశాం. కిటికీ తెరిస్తే వాన గాలి వస్తోంది. రెండు కుర్చీలు దగ్గరగా లాక్కుని కూర్చున్నాం.

తెర రెండు సగాలయింది. కార్లు కదిలాయి. ఎక్కడా తడబాటు లేదు. రోడ్డు జారిపోతున్నట్టు వెనక్కి పోతోంది, పైన నాది, కింద వాడిది. అంత సాఫీగా పోవడం ఎన్నడూ చూడనిదాన్ని, కళ్లప్పగించి చూస్తూ మొదటి మలుపులోనే గోడకు కొట్టాను. వాడు నవ్వాడు. మోచేయి పొడిచాడు. నేను తిరిగి పొడిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి, ఎవరు గెలుస్తున్నారో తెలియకపోయినా ఇద్దరినీ హుషారు చేసింది. బాపు సుత్తి చేతిలో పట్టుకునే వచ్చి కాసేపు చూసిపోయాడు. నేను ఓడిపోయాను. ఓడిపోవడంలో ఇంత సంతోషం ఉంటుందని నాకు తెలియదు.

“నువ్వు లేనప్పుడు ఒక్కన్నే ఆడితి గదా” అన్నాడు తమ్ముడు, మాటల్లో మాటగా. “అప్పుడు ఎన్నిసార్లు ఆడిన పైదాన్నే గెలిపిచ్చిన అక్కా.”

నేను తెర మీంచి చూపు తిప్పలేదు. తిప్పితే వాడికి నా కళ్లు కనిపిస్తాయి.

మా ఆయన వచ్చాడు. అమ్మ నాకు ఒడిబియ్యం పోసింది, బొట్టు పెట్టింది. నేను కొంగు ముడి వేసుకుని లేచేసరికి తమ్ముడు దుప్పటిలో మూట కట్టిన క్యాబినెట్‌ను తెచ్చి నా ముందు పెట్టాడు. పైన పట్టుకోవడానికి బాపు ఒక పిడి బిగించాడు, కూలర్లకు వేసినట్టే.

“ఇదెందుకురా? నువ్వేం జేస్తవు మరి?”

“నేను హైదరాబాద్ పోతున్న గదక్కా, హాస్టల్‌కు. అండ్ల ఎక్కడ పెడ్త? నువ్వు తీస్కపో. నీదే గదా.”

నీదే అన్నాడు. ఆ మాట ఇంకెవరి నోటా రాలేదు అంతవరకు. నేను వద్దు వద్దంటుంటే అమ్మ ఆ మూటకు కూడా కాస్త పసుపు రాసి, బొట్టు పెట్టింది. మా ఆయన ఆ మూటను అందుకున్నాడు. బస్సులో దాన్ని మహబూబ్‌నగర్ దాకా ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచే ఆయన మీద నాకు నిజమైన ఇష్టం మొదలైందనుకుంటాను.

మహబూబ్‌నగర్‌లో ముందరి గదిలో బల్ల వేసి, వాడిన తెర, కీబోర్డు కొని బిగించుకున్నాను. అత్తమ్మ వచ్చి దాని పక్కన నిలబడి చెవి పెట్టింది. “గిదేనా నువ్వు ఫోన్ల విన్న ఫ్యాను?” అంది. అవునన్నాను. “మంచిగనే తిరుగుతాంది” అని వెళ్లిపోయింది.

మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని కింది సగం ఇచ్చాను. నా కోసం పాపం కూర్చున్నాడు. కారును వెనక్కి నడిపాడు, గోడకు గుద్దాడు, మన వల్ల కాదని నవ్వుతూ లేచిపోయాడు. రెండుమూడుసార్లు అయ్యాక పిలవడం మానేశాను. ఇష్టం లేని ఆటకు ఎవరినైనా ఎన్నిసార్లని కూర్చోబెడతాం? ఒక్కరే ఆడే ఆట పెట్టుకున్నాను. తెరంతా నాదే అయింది. పై సగం, కింది సగం అన్నవి లేవు. ఇంత పెద్ద రోడ్డు మీద నేనొక్కదాన్నే పోతున్నాను.

కొన్నాళ్లకు లోపలి నీలం తెరలోకి వెళ్లి, పెంచిన అంకెలన్నీ ఒక్కొక్కటిగా దించేశాను.

ఇప్పుడు నా దగ్గరున్న కంప్యూటర్‌లో అప్పటి ముక్కలేవీ లేవు. ఏళ్ల మీద అన్నీ మార్చుకున్నాను. రేకు క్యాబినెట్, బాపు వేసిన పిడి, స్క్రూల మూలల్లో ఎంత రుద్దినా పోని కాస్త తెలుపు, అవి మాత్రం ఉన్నాయి. నల్లగొండలో కూడా నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, కూలర్ గడ్డికి మునుపటి ఉప్పు పట్టడం లేదట. ఆ కంప్యూటర్‌ను ఎప్పుడు ఆన్ చేసినా నాకు గుర్తొచ్చేది, అంకెలు దించేసిన ఆ తర్వాతి ఆదివారమే. తమ్ముడు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. తిండి బాగాలేదన్నాడు, గదిలో ఉక్కపోస్తోందన్నాడు. నేను ఆట ఆపలేదు, ఒక చేత్తో ఆడుతూనే మాట్లాడుతున్నాను.

“అక్కా, జర ఫోను క్యాబినెట్ దగ్గర పెట్టు. వినాలనిపిస్తాంది” అన్నాడు.

పెట్టాను. వాడు చాలాసేపు విన్నాడు. ఫ్యాను మెల్లగా, తేలిగ్గా తిరుగుతోంది. దాని గొంతు నాకు ఎంత తెలుసో వాడికీ అంతే తెలుసు.

“ఉరికిస్తలేవా అక్కా?”

“లేదురా. తగ్గించిన.”

“వేడైతాందా?”

“లేదు.”

వాడు మళ్లీ విన్నాడు. ఒక్కరికైతే ఆ వేగం ఎన్నడూ అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు.

“ఒక్కదానివే ఆడుతున్నవా?” అన్నాడు.

నేను ఫోన్ అక్కడి నుంచి తీయలేదు. లేచి, బాణాల వైపు వాడికి వదిలి, ఎడమ పక్క కుర్చీలోకి మారి కూర్చున్నాను, వాడు ఫోన్ పెట్టేసేదాకా.